సముద్రం తెర మీద పడవ

మేడ మీది గది
వానలు మొదలైన వారం

పిచ్చుకా,

ఉత్తరం చూసి కంగారుపడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోనుండగా ఉత్తరమేమిటి వదినా అని నవ్వుతావని తెలుసు. ఏం చెయ్యను, చూపు తగ్గిన కొద్దీ మీ అన్నయ్యవి పాము చెవులయ్యాయి. వంటింట్లో గుసగుసగా మాట్లాడినా ముందుగదిలోంచి జవాబు వస్తోంది. ఆయన గురించి నీతో చెప్పుకోవాలంటే నాకు కాగితమే గతి.

మధ్యలో మంచు పట్టినట్టు ఉంటుందట, అంచులు మాత్రం తేటగా కనిపిస్తాయట. నా మొహం కనబడదు గానీ చెవి రింగులు కనబడతాయన్నారు. "పోనీలెండి, ఖరీదైన భాగం కనబడుతోంది" అన్నాను. పడీ పడీ నవ్వారు. ఆ అంచులు కూడా మెల్లగా మసకబారతాయని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇక అసలు సంగతి. నువ్వు చోటిచ్చిన వెబ్‌సైట్‌లో పేజీ పూర్తిచేశాను! మీ అన్నయ్య ఫోటో స్టూడియోల కోసం గీసిన తెరలన్నీ అందులో ఉన్నాయి. మేఘాల తెర, మెట్ల తెర, సరస్సు తెర, రేవు ఊరి స్టూడియోకి గీసిచ్చిన సముద్రం తెర. ఆయన దగ్గర ఒక్క తెర మిగల్లేదు, ఒక్కదానికీ ఫోటో తీసి దాచుకోలేదు. "గీసినవాడికి ఫోటో దేనికే?" అనేవారు. అందుకని ఆ స్టూడియోల వెబ్‌సైట్లు ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నాను. వాళ్ళు తీసిన ఫోటోల్లో జనం వెనకాల మన తెరలు ఉన్నాయి. లైబ్రరీలో కంప్యూటర్ క్లాసు చెప్పే పంతులుగారు నేర్పినట్టు ఆ ఫోటోల అడ్రసులు నా పేజీలో అతికించాను. ఫోటో వాళ్ళ దగ్గరే ఉంటుంది, మన పేజీలో కనబడుతుంది. భలే ఉంది కదూ?

పొద్దున్నే టీ పెట్టుకుని పేజీ తెరుస్తాను. మన ఇంటికొచ్చే ఇంటర్నెట్‌కి బద్ధకం ఎక్కువ. ఫోటోలు పైనుంచి కిందకి మెల్లగా దిగుతాయి, స్టూడియోలో చుట్టిన తెరని వదిలినట్టే. దిగుతున్నంత సేపూ నేను చెబుతూ ఉంటాను, ఆయన కళ్ళు మూసుకుని వింటూ ఉంటారు. వాన చప్పుడులో ఒక్కోసారి ఇద్దరం కునుకు తీస్తాం.

నీ వదిన

---

మిషన్ల గది పక్క బల్ల
అదే నెల

వదినా,

పేజీ చూశాను. ఏడ్చాను. ఇంకేం చెప్పను? మేఘాల తెర ముందు ఎవరో తాతగారు కోటు వేసుకుని కూర్చున్నారు. ఆయన భుజం వెనక ఉన్న మేఘానికి తెల్లరంగు కలిపి ఇచ్చింది నేనే. అన్నయ్యకి గుర్తుందో లేదో అడుగు.

ఇక్కడ నా ఉద్యోగం నీకు తెలుసు కదా, నలుగురి వెబ్‌సైట్లకీ కాపలా. గది నిండా బీరువాల్లా నిలబెట్టిన సర్వర్లు, వాటి నిండా మిణుకుమిణుకుమనే నీలం దీపాలు. అవి వేడెక్కకుండా గదిని చల్లగా ఉంచుతారు, ఎండాకాలంలో కూడా నేను స్వెట్టరుతోనే. ఫ్యాన్ల హోరు వింటూ కళ్ళు మూసుకుంటే దూరంగా సముద్రం ఉన్నట్టే ఉంటుంది. ఇదంతా ఎందుకంటే, నీ పేజీ ఇక్కడే ఉంది, నా కుర్చీకి ఎదురుగా ఉన్న బీరువాలో. కానీ నీ ఫోటోలు ఇక్కడ లేవు వదినా. నాకు భయంగా ఉన్నది అదే.

నువ్వు పెట్టినవి అడ్రసులు మాత్రమే. నీ పేజీ ఎవరు తెరిచినా ఆ స్టూడియోవాళ్ళ మిషన్ పరుగెత్తుకెళ్ళి ఫోటో తెచ్చిపెట్టాలి. పక్కింటి కుళాయికి మన పైపు తగిలించుకున్నట్టు. వాళ్ళకి చెప్పకుండా వాడుకోవడం ఒక తప్పు. వాళ్ళు కుళాయి కట్టేస్తే మన బిందె ఖాళీ, అది రెండో కష్టం. స్టూడియోలు రోజుకొకటి మూతపడుతున్నాయి. వాళ్ళని అడిగి, ఫోటోలు దింపుకుని, మన దగ్గరే పెట్టుకుందాం. నువ్వు ఊఁ అను, సాయంత్రానికల్లా చేసిపెడతాను.

నీ పిచ్చుక

---

మేడ మీది గది
వాన ఆగని వారం

పిచ్చుకా,

అన్నయ్యకి గుర్తుందట. "తెల్లరంగు కలపమంటే సగం దాని గౌనుకే పూసుకుంది" అన్నారు.

నువ్వు చెప్పింది అర్థమైంది. స్టూడియోల వాళ్ళకి రాస్తాను, అడగకుండా వాడుకోవడం తప్పే. కానీ ఫోటోలు దింపుకోవడం మాత్రం వద్దు. కోప్పడకుండా విను.

ఫోటో మన దగ్గర పెట్టుకుంటే అది ఎప్పటికీ ఉంటుంది, ఒప్పుకుంటాను. తెర చిరిగినా ఉంటుంది, కాలినా ఉంటుంది, స్టూడియో కూలినా ఉంటుంది. మరి అప్పుడు మాకెలా తెలుస్తుంది? ఇప్పుడైతే పొద్దున్నే ఫోటో దిగిందంటే ఆ ఊళ్ళో ఎవరో తలుపు తీశారని, దీపాలు వేశారని, తెర గోడకి వేలాడుతోందని అనుకుంటాం. మీ అన్నయ్య అదే అడుగుతారు. "మెట్లు ఉన్నాయా? సరస్సు ఉందా?" అని. ఉన్నాయి అని నేను చెప్పగానే లేచి మొహం కడుక్కుంటారు.

మొన్నొక పొద్దున మేఘాల తెర రాలేదు. దాని చోట ఖాళీ గడి, మూలన చిరిగిన కాగితంలాంటి చిన్న గుర్తు. నేను దాన్ని దాటేసి మెట్ల దగ్గరికి వెళ్ళాను, అయినా ఆయనకి తెలిసిపోయింది. "ఒకటి చెప్పలేదేం?" అన్నారు. ఆ రోజంతా మంచం దిగలేదు. మర్నాటికి మేఘాలు వచ్చేశాయి, తాతగారూ కోటూ అన్నీ. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ స్టూడియోవాళ్ళు ఏదో బాగుచేసుకుని ఉంటారు. వాళ్ళు చల్లగా ఉండాలి.

నీ వదిన

---

మిషన్ల గది పక్క బల్ల
మరుసటి నెల

వదినా,

మేఘాలు వచ్చినందుకు సంతోషం. ఇలాంటివి మామూలే, ఒక్కోసారి ఫోటోలు తప్పిపోయి మళ్ళీ తిరిగొస్తాయి. నువ్వు పెద్దగా పట్టించుకోకు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. అన్నయ్యని వేళకి తినమను. స్టూడియోలకి రాయడానికి తొందరేమీ లేదు, నేనే రాస్తాను. నువ్వు ఫోన్లు కూడా చెయ్యకు.

ఈమధ్య కల ఒకటి తరచుగా వస్తోంది. నువ్వు పేజీ తెరుస్తావు, అన్నీ ఖాళీ గడులే ఉంటాయి, ఒక్కో గడిలోంచి అన్నయ్య తొంగి చూసి "ఉందా?" అని అడుగుతుంటాడు. నేనేమో పరుగెత్తుతూ ఉంటాను.

ఉంటాను వదినా.

నీ పిచ్చుక

---

మేడ మీది గది
ఎండ కాసిన రోజు

పిచ్చుకా! పిచ్చుకా!

ఈ ఉత్తరం కూర్చుని రాయడం లేదు, నిలబడి రాస్తున్నాను. మా ఇద్దరి కాళ్ళూ నేల మీద నిలవడం లేదు.

ఈ పొద్దున ఎప్పట్లా పేజీ తెరిచాను. మేఘాలు, మెట్లు, సరస్సు. తర్వాత సముద్రం దిగింది. రోజూ ఆ ఫోటోలో తెర ముందు ఒక ముసలి జంట కూర్చుని ఉంటుంది కదా, ఈసారి వాళ్ళు లేరు. వట్టి సముద్రం, పైన ఆకాశం, రెండింటి మధ్యా ఎర్ర తెరచాప కట్టిన చిన్న పడవ. "ఇదేంటండీ, కొత్తగా పడవొచ్చింది!" అన్నాను.

మీ అన్నయ్య చేతిలో కప్పు ఒలికిపోయింది.

"ఎర్ర తెరచాపా?" అన్నారు. అవునన్నాను. "ఎడమవైపుకి ఒరిగి ఉందా?" అవునన్నాను. తర్వాత చెప్పుకొచ్చారు. ఆ కథ నీకు తెలిసే ఉంటుంది, నాకు మాత్రం ఇన్నేళ్ళ కాపురంలో ఇప్పుడే తెలిసింది. మొదట ఆ తెర మీద పడవ గీశారట. కానీ ఎవరు దాని ముందు నిలబడినా పడవ సరిగ్గా వాళ్ళ నెత్తి మీదికి టోపీలా వచ్చేదట. జనం నవ్వుతున్నారని స్టూడియో ఆయన తుడిచెయ్యమన్నాడు. ఆయనకి మనసు రాలేదు. నూనె రంగులతో గీసిన పడవ మీద కావాలనే నీళ్ళ రంగు పూసి వచ్చేశారట. "నూనె రంగు మీద నీళ్ళ రంగు నిలవదే. తెరని చుడుతూ, విప్పుతూ ఉంటే ఎప్పటికో పొట్టు పొట్టుగా రాలిపోతుంది. రాలిపోయి నా పడవ బయటికి రావాలనే అలా చేశాను" అన్నారు.

అర్థమైందా? ఇన్నేళ్ళుగా ఎవరో ఆ తెరని రోజూ చుడుతున్నారు, విప్పుతున్నారు. నీలం రాలిపోయి పడవ బయటపడింది. ఆ స్టూడియోవాళ్ళు ముచ్చటపడి కొత్త ఫోటో తీసి పెట్టారు.

ఆయనకి చూడాలని ఉంది. డాక్టరు చెప్పింది నేను చెప్పకపోయినా ఆయనకి తెలుసు పిచ్చుకా. "అంచులు పోకముందే ఒక్కసారి" అన్నారు. రేవు ఊరికి వెళ్తున్నాం.

నీ వదిన

---

మిషన్ల గది పక్క బల్ల
ఉత్తరం అందిన రోజే

వదినా,

ఇప్పుడే వెళ్ళకండి. తీరంలో ఇంకా వానలు తగ్గలేదు, వార్తల్లో చూపిస్తున్నారు. రైళ్ళు కూడా సరిగ్గా నడవడం లేదు. అన్నయ్యకి మెట్లు ఎక్కడం దిగడం ఎంత కష్టమో నీకు తెలియనిది కాదు. కొంచెం ఆగండి, నేను సెలవు పెట్టి వస్తాను, అందరం కలిసి వెళ్దాం.

ముందు ఆ స్టూడియో తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి కదా. ఆ పని నాకు వదిలెయ్యి. ఫోటో మారినంత మాత్రాన ఏదీ ఖాయం కాదు వదినా. ఫోటోలు రకరకాల కారణాలకి మారతాయి.

నా మాట విను. ఒక్క నెల ఆగు.

నీ పిచ్చుక

---

మేడ మీది గది
బయల్దేరే ముందు

పిచ్చుకా,

నీకు ఉద్యోగంలో చేరాక పిరికితనం వచ్చింది. వానకి గొడుగుంది, మెట్లకి నేనున్నాను. ఒక్క నెల అంటావు, ఆ నెలలో అంచు ఎంత మిగులుతుందో నువ్వు చెప్పగలవా?

మీ అన్నయ్య బూట్లకి పాలిష్ పెట్టమన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నుంచీ కుర్చీలో పెళ్ళికొడుకులా కూర్చున్నారు. ఇలాంటి మనిషికి ఆగమని చెప్పే నోరు నాకు లేదు. రేపు ఉదయం బండి. అక్కడి నుంచి రాస్తాను.

నీ వదిన

---

మిషన్ల గది పక్క బల్ల
ఏ వారమో తెలియడం లేదు

వదినా,

నీ ఫోను మోగుతోంది గానీ ఎవరూ తీయడం లేదు. ఇంట్లో వదిలేసి బయల్దేరావేమో. ఈ ఉత్తరం మీరు తిరిగొచ్చేదాకా మీ చేతికందదని తెలిసినా రాస్తున్నాను.

ఆ పడవ ఫోటో పెట్టింది నేను.

మేఘాలు తిరిగొచ్చింది కూడా నా వల్లే. ఆ స్టూడియో వెబ్‌సైట్ ఆగిపోయింది. నీ పేజీ చూసిన మొదటిరోజే దొరికిన ఫోటోలు కొన్ని దింపి నా దగ్గర దాచాను, నువ్వు వద్దన్నా సరే అనుకున్నాను. అన్నయ్య మంచం దిగలేదని తెలిసి, నీ పేజీలో వాళ్ళ అడ్రసు తీసేసి నా దగ్గరున్న ఫోటో పెట్టేశాను. తర్వాత మెట్ల తెర పోయింది. దాన్నీ అలాగే పెట్టాను. నీకంటే ముందే లేచి రోజూ నీ పేజీ తెరిచి చూసేదాన్ని.

ఆ తర్వాత ఒక రోజు సముద్రం కూడా పోయింది. పని ఒత్తిడిలో దాన్ని దింపుకోవడం రేపు రేపంటూ వాయిదా వేస్తూ వచ్చాను. వెతికి వెతికి ఆ స్టూడియో పాత నంబరు పట్టుకున్నాను. స్టూడియో ఎప్పుడో మూసేశారట. వెబ్‌సైట్ మాత్రం ఎవరూ ఆపక అలా నడిచిందట, ఆకు రాలినా తొడిమ మిగిలినట్టు. తెర ఏమైందని అడిగితే పాతసామాన్లలో పోయిందన్నారు.

నా దగ్గర ఒకే ఒక్క ఫోటో ఉంది. అన్నయ్య ఆ తెర పూర్తిచేసిన రోజు మన పెరటి గోడకి ఆరబెట్టినప్పుడు, తీసుకెళ్ళడానికి వచ్చిన స్టూడియో ఆయన సరదాగా నన్ను దాని ముందు నిలబెట్టి తీశాడు. అందులోంచి నన్ను కత్తిరించేసి, వెలిసిన రంగులు సరిచేసి, నీ పేజీలో పెట్టాను. అన్నయ్య దాని మీద నీలం పూసి వచ్చాడన్న సంగతే నాకు తెలియదు వదినా. సముద్రం తెర అంటే నాకు పడవ ఉన్నదే, పాత ఫోటోలో అది ఆ ముసలి జంట వెనక దాక్కుందనుకున్నాను. ఇలా పప్పులో కాలేస్తానని అనుకోలేదు.

ఆ ఊళ్ళో మీకు ఏమీ కనబడదు. నన్ను తిట్టు. అన్నయ్యని మాత్రం జాగ్రత్తగా ఇంటికి తీసుకురా.

పిచ్చుక

---

రేవు ఊరు, లాడ్జి గది
సాయంత్రం

పిచ్చుకా,

కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. మీ అన్నయ్య నిద్రపోతున్నారు. గాలికి పరదా లేస్తూ పడుతూ ఉంది, గది గదంతా ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది.

స్టూడియో లేదు. ఆ చోట పరుపుల దుకాణం ఉంది. మీ అన్నయ్యని వీధికి అవతల, పిట్టగోడ దగ్గర నిలబెట్టి నేను ముందు వెళ్ళి, చూపు తగ్గిన మా ఆయన గీసిన తెర కోసం వచ్చామని చెప్పి అడిగాను. "స్టూడియోనా అమ్మా? అది పోయి చాలా కాలమైంది. సామానంతా పాతసామాన్ల వాళ్ళు పట్టుకెళ్ళారు" అన్నాడు దుకాణం ఆయన. వెనక్కి తిరిగి చూస్తే మీ అన్నయ్య చొక్కా సర్దుకుంటూ నవ్వుతున్నారు. చెప్పలేకపోయాను.

దుకాణంలో పరుపుల వెనక గోడకి దుమ్ము పడకుండా నీలం టార్పాలిన్ ఒకటి కట్టి ఉంది. దుకాణం ఆయనకి ఆ టార్పాలిన్‌ని, మీ అన్నయ్యని చూపిస్తూ కళ్ళతోనే సైగ చేశాను. మంచివాడు, వెంటనే అర్థం చేసుకున్నాడు. "రండి అయ్యగారూ, తెర ఇక్కడే ఉంది" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇక నేను మొదలుపెట్టాను. ఇదిగో అలలు, ఇదిగో నురగ, పైన పక్షులు, ఇదిగోనండీ మీ పడవ, ఎర్ర తెరచాప ఎంత మెరుస్తోందో అని. మీ అన్నయ్య చెయ్యి చాచి దాన్ని నిమిరారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. "బాగుంది. చాలా బాగుంది" అన్నారు. తర్వాత బయటికొచ్చి సముద్రం వైపు మొహం పెట్టి కూర్చున్నారు.

ఇరవై రకాలుగా ఆలోచించాను. తెరే లేనప్పుడు పడవ ఫోటో ఎవరు పెట్టారు? నీకేమైనా తెలుసా పిచ్చుకా? తెలిస్తే దాచకు.

వదిన

---

మేడ మీది గది
తిరిగొచ్చిన మర్నాడు

పిచ్చుకా,

తలుపు కింద నీ ఉత్తరం ఉంది. చదివాను. ఒళ్ళు మండింది. మా కళ్ళకి గంతలు కట్టి, పొద్దున్నే మాకంటే ముందు లేచి అవి వదులయ్యాయేమో చూసుకుంటూ వచ్చావు కదా అనిపించింది. నిన్న సాయంత్రం దాకా అదే కోపం. ఆ తర్వాత పరుపుల దుకాణంలో నేను ఎగరేసిన పక్షులు గుర్తొచ్చాయి. నిన్ను అనే మొహం నాకెక్కడిది?

ఇక దాచడం నా వల్ల కాలేదు. నీ ఉత్తరం తీసుకెళ్ళి మీ అన్నయ్యకి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. టార్పాలిన్ సంగతి కూడా చెప్పేశాను.

"అది టార్పాలిన్ అని చెయ్యి పెట్టగానే తెలిసింది" అన్నారు. "పరుపుల ఆయన నీతో చెప్పింది వీధికి అవతల నాకు వినబడనే వినబడింది. నువ్వంత కష్టపడి చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు. కానీ నేనెప్పుడూ పక్షుల్ని గియ్యలేదే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. "అయితే తెర నిజంగా పోయింది" అన్నారు. పాతసామాన్లలో పోయిందని మళ్ళీ ఒకసారి నా చేత చెప్పించుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడటం ఇదే మొదటిసారి. నేను పక్కన కూర్చున్నాను. వర్ణించి చెప్పడానికి ఏమీ లేకపోయింది.

చాలాసేపటికి, "ఆ ఉత్తరంలో కత్తిరించేశానని రాసింది, దేన్ని?" అన్నారు. "తననే" అన్నాను. మంచం మీద లేచి కూర్చున్నారు. "చెల్లిని తీసేసి పడవని ఉంచిందా? దానికి బుద్ధుందా?" అని కేకలు. నువ్వు ఎదురుగా ఉంటే రెండు దెబ్బలు వేసేవారు.

అందుకని విను. ఆ ఫోటో మొత్తం పంపు, ఏమీ కత్తిరించకుండా, ఏ రంగూ సరిచెయ్యకుండా. లోకంలో ఎవరి దగ్గరా లేని మన ఫోటో అదొక్కటే, అది కాస్తా నీ సొరుగులో పెట్టుకున్నావు. దాన్ని మన వెబ్‌సైట్‌లో, మన చోటులో నా చేత్తో నేను పెడతాను. ఎలా పెట్టాలో రాయి. ఇంకెప్పుడూ నా పేజీ ముట్టుకోకు.

వదిన

---

మిషన్ల గది పక్క బల్ల
ఎండలు మొదలయ్యాయి

వదినా,

ముట్టుకోను. ఒట్టు.

ఫోటో ఈ కవరులో ఉంది. వెనక స్టూడియో ఆయన ముద్ర వెలిసిపోయింది. నీ ఫోనుతో దాన్ని కిటికీ వెలుగులో నిలువుగా ఫోటో తియ్యి, నీడ పడనివ్వకు. తర్వాత నీ వెబ్‌సైట్ తెరిచి "ఫోటోలు" అన్న గదిలోకి వెళ్ళి దాన్ని ఎక్కించు. ఎక్కాక దానికి ఒక అడ్రసు వస్తుంది, అది మన సొంత అడ్రసు. పేజీలో పాతది తీసేసి అది పెట్టు. అంతే. ఇక ఏ ఊళ్ళో ఏ దుకాణం మూతపడినా అది ఉంటుంది. పేజీ తాళం కూడా మార్చేశాను, కొత్త తాళం ఈ కాగితం కింద రాశాను. దాని జత నా దగ్గర లేదు.

మేఘాలవాళ్ళ మనిషి దొరికాడు, మెట్లవాళ్ళ అమ్మాయి దొరికింది. నిజం చెప్పి, మీ ఫోటోలు మా దగ్గర పెట్టుకోవచ్చా అని అడిగాను. సంతోషంగా పెట్టుకోమన్నారు. వాటి తెరలు లేవు వదినా. సరస్సు తెర మాత్రం ఉంది, ఇంకా వేలాడుతోందట. ఇదైనా నిజమా అని నువ్వు అడగొచ్చు. వాళ్ళ నంబరు రాశాను, నువ్వే ఫోను చేసి కనుక్కో.

నేనెందుకలా చేశానో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది. ఆయన లేచి మొహం కడుక్కుంటే చాలనుకున్నాను. ఆయనకి నిజం తట్టుకునే బలం ఉందో లేదో నేనే తీర్మానించేశాను. క్షమించమని అన్నయ్యని నేనే అడుగుతాను, అప్పటిదాకా నువ్వు చెప్పకు.

నీ పిచ్చుక

---

మేడ మీది గది
మామిడికాయలు రాకముందు

పిచ్చుకా,

ఎక్కించేశాను. మొదటిసారి తలకిందులుగా ఎక్కింది, సముద్రం పైనా ఆకాశం కిందా. రెండోసారి నా బొటనవేలు కూడా ఎక్కింది. తల ప్రాణం తోకకొచ్చింది. మూడోసారికి కుదిరింది.

నువ్వు చెప్పినట్టే సరస్సువాళ్ళకి ఫోను చేశాను. తెర ఉంది. అయినా వాళ్ళనడిగి ఆ ఫోటో కూడా మన దగ్గరే పెట్టాను. తెర ఉందో లేదో తెలుసుకోవాలంటే ఇక మీదట మనుషుల్ని అడుగుతాను, పేజీని అడగను.

ఇప్పుడు చెప్పబోయేది నీ కోసం.

పొద్దున టీ పెట్టుకుని పేజీ తెరిచాను. సముద్రం మెల్లగా దిగింది. మొదట ఆకాశం, తర్వాత పడవ, దాని కింద నువ్వు. మోకాళ్ళ దాకా గౌను, ఒక చెప్పు లేదు, నెత్తి మీద ఎర్ర తెరచాప టోపీ. కెమెరా వైపు కాక పక్కకి చూసి నవ్వుతున్నావు, అక్కడ మీ అన్నయ్య నిలబడి ఉంటారు. నేను వర్ణించడం మొదలుపెట్టబోతే, "ఉండు, చెప్పకు" అన్నారు.

కంటి ఆసుపత్రిలో ఒకమ్మాయి ఈమధ్య ఆయనకి ఒక పద్ధతి నేర్పిస్తోంది. ఏది చూడాలో దాని వైపు చూడకూడదట. నేరుగా చూస్తే మంచు కప్పేస్తుంది. పక్కకి చూపు తిప్పితే అది కంటి అంచులోకి వచ్చి నిలుస్తుందట. ఇన్నాళ్ళూ ఆయనకి విసుగ్గా ఉండేది, ఏం చూడాలిలే అని మానేశారు. ఈరోజు తనంతట తాను కుర్చీ దగ్గరకి లాక్కుని, కంప్యూటర్ తెరకి ముక్కు ఆనించినంత పని చేసి, చూపు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

చివరికి ఫోటో కుడివైపు, సముద్రం ఆఖరున ఏమీ లేని చోట చూపు ఆగింది. పడవ వైపు లేదు. "అక్కడేం ఉందండీ, వట్టి నీళ్ళేగా" అన్నాను.

"నువ్వు మాట్లాడకు. మా చెల్లి కనబడుతోంది" అన్నారు.

నీ వదిన